తాత అన్నది ఏ సాలు

జనవరి 27, సోమవారం

ఇవాళ మంచి పంట. తాత మిషన్ మీద ఉన్నంతసేపట్లో మూడు మాటలు దొరికాయి. దూప. యాష్ట. తండ్లాట.

మా తెలుగు సార్ అన్నది నిజం. ‘పుస్తకాల్లో తర్వాత వెతకండి, ముందు ఇంట్లో పెద్దవాళ్ళ పక్కన కూర్చోండి’ అన్నారు. కూర్చోవడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్నే ఆటోలో తాతను ఖలీల్‌వాడి ఆసుపత్రికి తీసుకుపోవడం, ఆయన రక్తం గొట్టాల్లోంచి మిషన్‌లోకి పోయి, శుభ్రపడి, తిరిగి ఒంట్లోకి వచ్చేదాకా పక్కన స్టూలు మీద కూర్చోవడం, డిగ్రీలో చేరినప్పటి నుంచి ఇదే కదా నా పని. ఇన్నాళ్ళూ ఫోన్ చూస్తూ కూర్చున్నాను. ఎన్ని మాటలు జారిపోయాయో.

“దూపైతుంది బిడ్డా” అన్నాడు. దాహం అని రాయొచ్చు, దప్పిక అని రాయొచ్చు. కానీ దూప అన్నప్పుడు గొంతు ఎండిన చప్పుడు కూడా వినిపిస్తుంది. కిడ్నీలు పోయాక తాతకు నీళ్ళు కొలిచి ఇస్తున్నాం. ఎక్కువ తాగితే బయటికి పోయే దారి లేక ఊపిరితిత్తుల్లో చేరతాయి. తడిగుడ్డతో పెదవులు అద్ది, మాట రాసుకున్నాను.

తర్వాత “యాష్టకొస్తున్నది” అన్నాడు. దీనికి పుస్తకాల తెలుగులో సరైన మాట దొరకలేదు. విసుగు కాదు, అలసట కాదు. ఆ రెండూ కలిసి మనిషి ఛాతీ మీద కూర్చుంటే అది యాష్ట.

పక్క మంచం రాజలింగు తాత తల తిప్పి చూశాడు. ఏర్గట్ల పసుపు రైతు, మా తాతకంటే చాలా ముందు నుంచి మిషన్ మీద ఉన్నవాడు.

“ఏం రాస్తున్నవ్ పిల్లా, మీ తాత తుకారాం వీలునామానా?”

“మాటలు రాసుకుంటున్న తాతా. కాలేజీల అడిగిండ్రు.”

“వాన్ని అడిగితే ఏడుపుగొట్టు మాటలే వస్తయి. నన్నడుగు, మాంచి తిట్లు సెప్త. మీ సారు ఉలిక్కిపడాలె.”

సిస్టర్ సవితక్క నవ్వింది. నేనూ నవ్వాను. తాత నవ్వలేదు. అప్పుడే బీపీ పడిపోయింది. కాళ్ళ నరాలు గుంజుకుపోయి అటూ ఇటూ కొట్టుకున్నాడు. “ఎంత తండ్లాడుతుండు పాపం” అంది సవితక్క, మంచం తలవైపు దించుతూ.

అట్లా మూడో మాట దొరికింది.

జనవరి 28

సార్ నా మాటలు క్లాసులో చదివి వినిపించారు. ‘వీటి వెనక ఒక మనిషి కనిపిస్తున్నాడు’ అన్నారు. బస్టాండు దాకా నడిచొచ్చాను, ఆటో ఎక్కాలని కూడా తోచలేదు.

జనవరి 29, బుధవారం

ఇవాళ్టి మాట ఒక్కటే. కానీ అన్నింటికంటే గొప్పది.

మిషన్ పెట్టిన తర్వాత తాత చాలాసేపు పైకప్పు చూస్తూ పడుకున్నాడు. ఊరి సంగతి అడిగాడు. ఊరంటే రెంజల్ దగ్గర మాది. బాపు, అమ్మ అక్కడే ఉండి పొలం, బర్లు చూసుకుంటారు. తాతకోసమే అవ్వ ఇక్కడ నిజామాబాద్‌లో నా రూముకు వచ్చి వండిపెడుతోంది.

“మీ బాపు సెరుకు సాల్లు కొట్టిచ్చిండా?”

“కొట్టిచ్చిండట తాతా. రేపో ఎల్లుండో ముక్కలు పెడ్తరట.”

“దగ్గర దగ్గర కొట్టిచ్చిండో ఏమో. వానికి తొందర.”

నిద్రపోయాడనుకున్నాను. చాలాసేపటికి, కళ్ళు తెరవకుండానే అన్నాడు.

“ఇగ సాలు బిడ్డా.”

“ఏంది తాతా?”

“సాలు.”

అంతే.

రూముకొచ్చి ఇది రాస్తుంటే వేళ్ళు ఆగడం లేదు. సాలు అంటే నాగలి గీసిన గీత, చెరుకు ముక్కలు పెట్టేది అందులోనే. సాలు అంటే సంవత్సరం కూడా. ‘ముందటి సాలు వానలు లేవు’ అంటుంది అవ్వ. సాలీనా అని పేపర్లలో రాస్తారు, అది ఇదే. ఇంకొకటి చాలు. మా ఊళ్ళో పెద్దవాళ్ళకు మాట మొదట్లో చ పలకదు కాబట్టి అదీ సాలే. పొలం, కాలం, కడుపు నిండడం, మూడూ ఒకే మాటలో. సార్‌కు చెబితే ఎగిరి గంతేస్తారు.

తాత అన్నది మొదటిదే. అప్పుడే కదా చెరుకు సంగతి మాట్లాడాం. లేదంటే ‘ఈ సాలు’ అని ఉంటాడు, ఈ ఏడు పంట ఎట్లుంటదో అని. పెదవులు ఎండిపోయి ఉన్నప్పుడు ‘ఈ’ అన్నా ‘ఇగ’ అన్నట్టే వినిపిస్తుంది.

జనవరి 31, శుక్రవారం

బాపు వచ్చాడు. బియ్యం, పెసర్లు తెచ్చాడు. తాత సరిగా తినడం లేదని అవ్వ ఫోన్‌లో చెప్పిందట.

“నీకేమన్న అన్నడా?” అని నన్ను మెట్ల దగ్గర అడిగాడు. అడుగుతూ నా మొహం వైపు చూడలేదు, చెప్పులు చూస్తున్నాడు.

నేను సాలు సంగతి చెప్పాను. సార్‌కు చెప్పినట్టే చెప్పాను, మూడు అర్థాలూ, ఏది ఎందుకు కావచ్చో. బాపు శ్రద్ధగా విన్నాడు.

“అయితె సెరుకు సంగతే అంటవ్.”

“గంతే బాపు. అంతకుముందు సాల్లు కొట్టిచ్చిండా అని అడిగిండు.”

“ఔ మరి. ఆయన పానమంత గా సెరుకు ఎకరం మీదనే ఉంటది.” ఇన్ని నెలల తర్వాత బాపు నవ్వగా చూశాను. “సదివిచ్చినందుకు గింత లాభమున్నది. లేకుంటె నేనేందో అనుకుందును.”

ఏమనుకునేవాడో చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఫిబ్రవరి 3, సోమవారం

తాత ఇవాళ ఏమీ అనలేదు.

ఫిబ్రవరి 4

నిన్న నిజంగా ఏమీ అనలేదు. బీపీ పడిపోయింది, టైం కాకముందే మిషన్ ఆపి దింపారు. బీపీ అంత తక్కువ ఉన్న మనిషి ఏం మాట్లాడినా అది మాట కింద లెక్క కాదు. ఆటోలో నిద్రపోయాడు.

సార్ కొత్త మాటలేవని అడిగారు. లేవన్నాను.

ఫిబ్రవరి 5, బుధవారం

బాపు మళ్ళీ వచ్చాడు. బాపు ఉన్నప్పుడే డాక్టర్ శ్రీధర్ రౌండ్స్‌కు వచ్చారు. ఆయనది మా దిక్కు కాదు, కృష్ణా జిల్లా. మంచివాడు, స్టూలు లాక్కొని కూర్చుని మాట్లాడతారు.

“ఎలా ఉంది పెద్దాయనా? మిషన్ మీద పడుకోవడం కష్టంగా ఉందా?”

తాత ముందు బాపు వైపు చూశాడు.

“మావోడు ఎట్లంటె గట్ల సారు.”

“మీవాడి సంగతి కాదు, మీ సంగతి.”

“నాదేమున్నది.” తర్వాత నా వైపు చూశాడు. నేను మిషన్ మీద తిరుగుతున్న చక్రం చూస్తున్నాను. దానిలో రక్తం ఎంత వేగంగా పోతుందో అంకె కనిపిస్తుంది.

పక్క మంచంలోంచి రాజలింగు తాత అందుకున్నాడు. “నన్ను గుడ అడుగుండ్రి సారు. నాకైతె ఇంక సాలలే. మనుమరాలి పెండ్లి సూడాలె, ఆమె బిడ్డ పెండ్లి సూడాలె. మిషనుకు ముసలితనమొస్తదేమో గని నాకు రాదు.”

“మిమ్మల్ని అడగను రాజలింగుగారూ, మీరు నన్ను కూడా దాటేసేలా ఉన్నారు” అన్నారు డాక్టర్. హాలంతా నవ్వింది.

బయట వరండాలో డాక్టర్ గొంతు మారింది. తాత గుండె బలహీనపడిందన్నారు. డయాలిసిస్ వల్లే బతుకుతున్నాడు, కానీ ఒక్కోసారి దాన్ని తట్టుకోవడానికే ఉన్న శక్తంతా పోతోందన్నారు. “చేయమని నేను బలవంతపెట్టను, ఆపమనీ చెప్పను. కానీ వద్దనుకునే హక్కు ఆయనకుంది. మీ ఎదురుగా నోరు విప్పడం లేదు. మీలో ఎవరితోనైనా ఏమైనా అన్నారా?”

“లేదు సార్” అన్నాడు బాపు.

డాక్టర్ నన్ను చూశారు.

“లేదు సార్” అన్నాను.

కింద టీ కొట్టు దగ్గర బాపు టీ చేతిలో పట్టుకుని తాగకుండా నిలబడ్డాడు. “హక్కంట. మిషన్ బంద్ వెట్టి ఇంటికి తీస్కపోతె ఊరోళ్ళేమంటరో గా సారుకు ఎరుకేనా? నన్ను జూపిచ్చి, మల్లికార్జున్ ముసలోన్ని దించి సంపుకున్నడంటరు. ఒక్క కొడుకుంటె గిట్ల జేసిండంటరు.” గ్లాసు బల్ల మీద పెట్టి మెల్లగా అన్నాడు, “ఊరోళ్ళు అనకున్నా సరే, నేను అనుకుంట గద.”

నేను గ్లాసులు తీసుకుపోయి ఇచ్చాను.

ఫిబ్రవరి 6

సవితక్కను పరీక్షకు చదువుతున్నట్టు అడిగాను, బీపీ పడిపోయినప్పుడు మనిషికి తెలివి ఉంటుందా అని.

“మరీ పడితే సోయి తప్పుతది. మామూలుగ అయితే ఉంటది. ఎందుకు?”

“ఊరికెనే అక్కా.”

సోయి. మంచి మాట. రాసుకున్నాను.

ఫిబ్రవరి 7, శుక్రవారం

మిషన్ మీద ఉండగానే చలిజ్వరం. పళ్ళు టకటక కొట్టుకున్నాయి. రక్తంలో ఇన్ఫెక్షన్ అన్నారు. అడ్మిట్ చేశారు. బాపు వస్తున్నాడు.

ఫిబ్రవరి 8, శనివారం

తాత మమ్మల్ని గుర్తుపట్టడం లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ ఎవరినో ఎడ్లను తోలమంటున్నాడు. ముక్కులోంచి గొట్టం వేశారు, పాలు దాంట్లోంచే. దాన్ని పీకేశాడు. మళ్ళీ వేశారు. మళ్ళీ పీకాడు. చేతులు రెండూ గుడ్డపట్టీతో మంచానికి కట్టారు.

మధ్యాహ్నం అవ్వ వచ్చి చూసింది.

“గీ కట్లేందే?”

“గొట్టం గుంజుకుంటుండు అవ్వా. సోయి లేదు ఆయనకు.”

“సోయి లేనోడు మల్ల మల్ల గదే ఎందుకు గుంజుతడు?”

కుడిచేతి కట్టు తనే విప్పింది. అవ్వ ఆ చేయి తన రెండు చేతుల్లో పట్టుకుని సాయంత్రం దాకా కదలకుండా కూర్చుంది. వేళ్ళు ఊరుకోలేదు. పట్టు సడలినప్పుడల్లా ముక్కు వైపు లేస్తున్నాయి.

సోయి లేని మనిషి వద్దంటే అది వద్దనడమేనా? ఎవరిని అడగాలో తెలియదు. సార్‌ను అడిగే ప్రశ్న కాదు.

ఫిబ్రవరి 9

అదే.

ఫిబ్రవరి 10, సోమవారం

కట్లతోనే డయాలిసిస్ చేశారు. రాజలింగు తాత ఇవాళ జోకులు వేయలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

డాక్టర్ బాపును, నన్ను తన గదికి పిలిచారు. ఇన్ఫెక్షన్ తగ్గుతోందట, కానీ గుండె కోలుకోవడం లేదట. ఆయన చెప్పలేని స్థితిలో ఉన్నారు కాబట్టి మీరే ఆయన తరఫున చెప్పాలన్నారు. “మీకేం కావాలో కాదు నేనడిగేది. ఆయనకు సోయి ఉంటే ఏం కోరుకునేవారు? అది ఆలోచించండి.” ఆయన కూడా సోయి అనడం నేర్చుకున్నారు.

“సేసుడే సార్” అన్నాడు బాపు. “గాయిన ఎన్నడు వద్దనలే.”

నా నోట్లో మాట ఉంది. ఒక్క మాట కాదు, చాలా ఉన్నాయి, వరుసగా. అయినా కూర్చునే ఉన్నాను.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఫిబ్రవరి మూడున రాసింది నిజం కాదు.

ఆ రోజు మిషన్ పెట్టిన కొంచెంసేపటికి తాతే అడిగాడు. బీపీ పడకముందు. ఇది నేను మరిచిపోయినట్టు నటించినా లాభం లేదు, బీపీ పడకముందే. సవితక్క అప్పుడే చూసి బాగుందని చెప్పి పోయింది.

“మొన్న నేను సాలన్న గద. ఏం రాసుకున్నవ్ బిడ్డా?”

నేను ఉత్సాహంగా చదివాను. నాగటి సాలు, సంవత్సరం సాలు, చాలు అనే సాలు. తాత కళ్ళు మూసుకుని విన్నాడు. పెదవుల మీద చిన్న నవ్వు కూడా ఉంది.

“మంచిగ రాసినవ్. గని నేనన్నది సెరుకు సాలు గాదు. గీ మిషన్ సాలు. గీ సూదులు సాలు.”

“గట్ల అనకు తాతా.”

“అంటలేను. సెప్తున్న.” చేయి కదిలించబోయి, సూదులు గుర్తొచ్చి ఆగాడు. “కోపమచ్చి గాదు, ఏడ్చుకుంట గాదు. మంచిగ సోంచాయించి, ఆలోచన జేసే సెప్తున్న. నన్ను ఇంటికి తోల్కపోమ్మను మీ బాపును. మల్ల గీడికి తేవద్దు. పోయిన్నాడు పోత. నా ఇంట్ల పోత.”

“నువ్వే చెప్పు బాపుకు.”

“వాని మొకం జూస్తె నాకు నోరు రాదు. ఎండల వానల నన్ను మోస్కొని తిరిగిండు గీ ఆసుపత్రులకు. వానికి నేనెట్ల సెప్త, నువ్వు మోసింది సాలు, దించుమని?” ఆగి, నన్ను చూశాడు. “నువ్వు సదువుకున్నవ్. మాట ఎట్లనాల్నో నీకెరుక. నువ్వు సెప్పు. సెప్తవా?”

“చెప్త” అన్నాను.

అన్నాను. నా నోటితోనే.

తర్వాత బీపీ పడింది. నేను దాన్నే సాకుగా పట్టుకున్నాను.

చెబితే మిషన్ ఆపుతారు. ఆపితే తాత పోతాడు. అప్పుడు ఆయన పోయింది కిడ్నీల వల్లా కాదు, గుండె వల్లా కాదు, నేను అన్న మాట వల్ల. అవ్వ ముందు ఆ మాట ఎట్లా అనను? చెప్పకపోతే రేపు బుధవారం. మళ్ళీ కట్లు, మళ్ళీ సూదులు. రెండు వైపులా తాతే ఉన్నాడు. మాటలు తెలిసినదాన్నని నాకిచ్చాడు. సవితక్కకు ఇచ్చి ఉంటే ఆ రోజే చెప్పేసేది.

ఇంత రాసినా, ఇది చెప్పడం కాదు. నాకు నేను రాసుకుంటే ఎవరికి చెప్పినట్టు?

ఫిబ్రవరి 12, బుధవారం

చెప్పాను.

పొద్దున డాక్టర్ గదిలో, బాపు కూడా ఉండగా. ‘సార్, తాత ఒకరోజు ఒక మాటన్నాడు’ అని మొదలుపెట్టాను. ‘ఇగ సాలు అన్నాడు.’

డాక్టర్ తలూపారు. “చాలు అనే కదా.”

బాపు వెంటనే ముందుకు వంగాడు. “కాదు సార్. మీరు అటు దిక్కోళ్ళు, మీకెరుకలేదు. మా దిక్కు సాలంటె మూడుంటయి. నాగటి సాలుంటది, ఏడాది సాలుంటది. ఆయన సెరుకు సంగతి అన్నడు. అంతకుముందు సెరుకు ముచ్చటే వెట్టిండు. ఈ పిల్లనే సెప్పింది నాకు, ఇడమరిచి.” నా వైపు తిరిగాడు. “సెప్పు. నువ్వే సెప్పినవ్ గద.”

నేను ఏ వరుసలో చెప్పానో అదే వరుసలో చెప్పాడు. ఒక్కటీ మరిచిపోలేదు. ఇన్ని రోజులూ బాపు ఆ మూడు అర్థాల మీదనే నిలబడి ఉన్నాడు. ఆ నిచ్చెన వేసింది నేను.

“నేనే చెప్పిన బాపు. అది తప్పు.”

“తప్పేంది. సాలంటె గదే గద.”

“తర్వాత మల్ల చెప్పిండు. సెరుకు సాలు కాదు, మిషన్ సాలు అన్నడు. ఇంటికి తోల్కపోమ్మన్నడు. ఇంట్ల పోత అన్నడు. నీకు చెప్పుమన్నడు.”

డాక్టర్ కాగితాల మీది చేయి తీసేశారు.

“ఎప్పుడన్నడు?” బాపు గొంతు చాలా మామూలుగా ఉంది.

“మొన్న సోమవారం కాదు, దాని ముందటి సోమవారం.”

“జెరం రాకముందా?”

“రాకముందు. మంచిగున్నప్పుడు.”

“మరి బుధవారం నాడు సారు అడిగితె లేదన్నవ్.”

“అన్న.”

“మొన్న గుడ ఊకున్నవ్.”

“ఊకున్న.”

“నాకు సెప్పుటానికి నీకు నోరు రాలేదు. ఆయనకు రాలేదు. నేను గంత రాక్షసున్నా?”

దీనికి జవాబు రాయాలని కూర్చున్నాను. రావడం లేదు. రాక్షసుడివి కాదు బాపు, అందుకే రాలేదు అనాలి. అప్పుడు అనలేదు.

బాపు లేచి తలుపు దాకా పోయి ఆగాడు. “ఇయాల్టిది కానీండ్రి సార్” అన్నాడు. “ఇయాల ఒక్కరోజు కానీండ్రి.”

చేశారు. నేను స్టూలు మీద కూర్చోలేకపోయాను, తలుపు దగ్గర నిలబడి చూశాను.

ఫిబ్రవరి 13, గురువారం

బాపు నాతో మాట్లాడటం లేదు. ఊరికి పోలేదు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుంటున్నాడు, వార్డులోకి వచ్చి తాత పాదాలు ముట్టి చూసి మళ్ళీ మెట్ల మీదికి పోతున్నాడు.

మధ్యాహ్నం అవ్వ టిఫిన్ డబ్బా పట్టుకుని మెట్లెక్కుతుంటే ఆపి అడిగాడు. నేను వెనకే ఉన్నాను. తాతను ఆయనా బాపు అనే పిలుస్తాడు.

“అవ్వా, నీకేమన్న అన్నడా బాపు? మిషన్ వద్దని గిట్ల?”

“నాకెందుకంటడు? నేను ఏడుస్త. నువ్వు కొట్లాడ్తవు. ఏడ్వక, కొట్లాడక ఇనేటోళ్ళకు సెప్పుకున్నడు.”

అయితే నేను నిన్న చెప్పింది అవ్వకు అప్పటికే తెలుసన్నమాట. బాపు చెప్పాడో, డాక్టర్ చెప్పారో.

“మరి ఏం జేద్దామే?”

అవ్వ డబ్బా మెట్టు మీద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడవలేదు. “నన్నడుగకు కొడుకా. నేను ఉంచుకోవాలనే అంట. సచ్చేదాక గదే అంట. నా మాట ఇనకు.”

వినకు అని చెప్పడానికి మనిషికి ఎంత బలం కావాలో.

ఫిబ్రవరి 14, శుక్రవారం

పొద్దున డయాలిసిస్‌కు తీసుకుపోవడానికి సవితక్క చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చింది. బాపు మంచానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. రెండు చేతుల కట్లూ అప్పటికే విప్పి, పట్టీలు మడిచి పెట్టాడు.

“వద్దు సెల్లె” అన్నాడు.

ఆమె ఒక్క క్షణం చూసి, కుర్చీ వెనక్కి తిప్పుకుని పోయింది.

డాక్టర్ చాలాసేపు కూర్చుని చెప్పారు. కొద్ది రోజులు ఉండొచ్చు, ఎక్కువసేపు నిద్రలోనే ఉంటాడు. ఆయాసం వస్తే వేయడానికి మందులిచ్చారు, తన నంబర్ ఇచ్చారు. రెంజల్ దవాఖాన సిస్టర్‌తో మాట్లాడి ఉంచుతానన్నారు. ముక్కులో గొట్టం తీసేశారు. “ఇక ఆయనకు తాగాలనిపించింది తాగనివ్వండి” అన్నారు. బాపు ప్రతి మాటకూ తల ఊపాడు, బడిలో పిల్లాడిలా.

నేను పక్కనే ఉన్నా, ఒక్కసారీ నా వైపు తిరగలేదు.

రాజలింగు తాతకు చెప్పి రావడానికి హాలులోకి పోయాను. మిషన్ మీద ఉన్నాడు.

“తీస్కపోతున్నరా?” అన్నాడు. నేను చెప్పకముందే.

“ఔ తాతా. రేపు.”

“మంచిది. నేనైతె పోను. నన్ను గుంజినా పోను.” కాసేపు మిషన్ వైపు చూశాడు. “వాడు మొండోడు. నాకంటె మొండోడు. సెప్పు నేనన్ననని.”

ఫిబ్రవరి 15, శనివారం

ఊరికి వచ్చేశాం. తాత నిద్రపోతున్నాడు. అమ్మ, అవ్వ పక్కన ఉన్నారు. దారిలో జరిగింది మరిచిపోకముందే రాయాలి.

మా పక్కింటి లింబాద్రి అన్న వ్యాను తెచ్చాడు. వెనక సీట్లు తీసేసి పరుపు వేశాం. తాత తల నా ఒళ్ళో, కాళ్ళు అవ్వ ఒళ్ళో. బాపు ముందు సీట్లో, లింబాద్రి అన్న పక్కన. ఎడపల్లి దాటాక రోడ్డంతా చెరుకు ట్రాక్టర్లు, ఒకదాని వెనక ఒకటి.

కుదుపుకు తాత కళ్ళు తెరిచాడు. మనిషి ఉన్నాడు వాటిలో. వారం రోజుల తర్వాత.

“అయిపాయెనా?” అన్నాడు. మిషన్ సంగతి.

“ఇంటికి పోతున్నం తాతా.”

“మల్ల ఎప్పుడు?”

“మల్ల లేదు.”

అర్థమవడానికి కొంచెం సమయం పట్టింది. నా మొహం వెతికాడు. తర్వాత ముందు సీటు వైపు చూడటానికి ప్రయత్నించాడు, మెడ తిరగలేదు.

“నువ్వు సెప్పినవా బిడ్డా? కొట్లాడిండా వాడు నీతోని?”

ఆయన అడిగినదాన్నిబట్టి నాకు తెలిసింది. తన చావు గురించి కాదు భయం. తన కొడుకును బలవంతంగా ఒప్పించామేమో అని.

చెప్పాను, తాతా, అనాలి. ఎన్ని రోజులుగా ఆ మాట కోసం ఎదురుచూశాడో. అనే హక్కు నాకుంది కూడా.

“నేను చెప్పలే తాతా” అన్నాను. “చెప్పకముందే బాపే అన్నడు. యాష్టకొస్తున్నది ఆయనకు, ఇంటికి తోల్కపోదం అని.”

అవ్వ తలెత్తి నన్ను చూసింది. లింబాద్రి అన్న హారన్ కొట్టబోయి మానుకున్నాడు. బాపు వెనక్కి తిరగలేదు. మెడ వెనక వెంట్రుకలు ఎంత తెల్లబడ్డాయో నేను అప్పుడే చూశాను. ఆ మెడ వైపే చూస్తూ కూర్చున్నాను, ఇప్పుడు నన్ను అబద్ధాలకోరు అంటాడని.

“ఔ బాపు” అన్నాడు తాతతో. గొంతు సవరించుకుని మళ్ళీ అన్నాడు. “నేనే అన్న.”

తాత మళ్ళీ మెడ తిప్పబోయాడు.

“నీకెట్ల ఎరుకాయెర?”

“నీ కొడుకును గాదె?”

తాత చేయి పరుపు మీద నుంచి లేచి, ముందు సీటు కోసం గాలిలో తడిమింది. అందలేదు. నేను పట్టుకోబోతే విడిపించుకుంది. బాపు తిరగకుండానే, సీటు పక్క సందులోంచి తన చేయి వెనక్కి పెట్టాడు.

ఇల్లు వచ్చేదాకా అట్లాగే పెట్టుకుని కూర్చున్నాడు. దిగేటప్పుడు ఆ చేయి తిమ్మిరెక్కి, తలుపు గొళ్ళెం తీయడానికి రాలేదు. నేను దిగి వెళ్ళి బయటి నుంచి తీశాను.

“పైలం” అన్నాడు నాతో. “తల పట్టుకో. మెల్లగ దించుదాం.”